గుబార్ మూడో రోజు

“నేను ఊడ్వను మేడం. గాలి నిలిచినాక ఊడుస్తా.”

ఫరహత్ ఆ మాట వచ్చీరాని అరబ్బీలోనే అంది గానీ, గట్టిగానే అంది. సోఫాలో కూర్చుని ఫోన్ చూసుకుంటున్న చిన్న మేడం తలెత్తింది.

కువైట్‌లో గుబార్ మొదలై అది మూడో రోజు. దుమ్ముగాలిని అక్కడ అట్లాగే అంటారు. మధ్యాహ్నం రెండు గంటలకే ఆకాశం ఇటుకపొడి కలిపిన నీళ్లలా ఉంది. ఎదురింటి గేటు కనబడటం లేదు. కిటికీల సందుల్లో తడిగుడ్డలు కుక్కినా, గంట తిరక్కముందే టేబుళ్ల మీద వేలితో పేరు రాయొచ్చు. తాగే నీళ్లలో మట్టి వాసన. పళ్లు కొరికితే కరకర. ముక్కు చీదితే నల్లటి బురద.

“గాలి ఎప్పుడు నిలుస్తుందో నీకు చెప్పి వస్తుందా?” అంది మేడం. “సాయంత్రం ఆరింటికి మా ఆడబిడ్డలు వస్తున్నారు. ముంగిట్లో ఇసుక మేట వేసి ఉంటే నన్నేమనుకుంటారు?”

“ఇప్పుడు ఊడ్చినా ఆరింటికి మళ్లీ అంతే ఉంటాది మేడం.”

“అప్పుడు మళ్లీ ఊడువు.”

ఫరహత్ కదల్లేదు.

ఆమె ఈ ఇంటి మనిషి కాదు. ఆమె పనిచేసే పెద్ద మేడం కుటుంబమంతా ఎండాకాలానికి లండన్ పోతూ, వంటగిన్నె ఎరువిచ్చినట్టు ఆమెను చెల్లెలింట్లో దిగబెట్టి పోయి పది రోజులైంది. పోయేముందు “నీకిష్టమేనా” అని ఒక్కరూ అడగలేదు.

“సరే. నువ్వు ఊడ్వొద్దు,” అంది చిన్న మేడం, గొంతు పెంచకుండానే. “వనజ ఊడుస్తుంది.”

వంటింటి గుమ్మం దగ్గర అప్పటికే వనజమ్మ చీపురు పట్టుకుని నిలబడి ఉంది. ఈ ఇంట్లో నాలుగేళ్లుగా పనిచేస్తున్న, యాభై దాటిన మనిషి. ఆమె ఊపిరి తీసుకుంటుంటే గది ఈ చివరికి కూడా సన్నగా ఈల వినిపిస్తోంది.

“నువ్వు పోవద్దు వనజక్కా.”

“నీకెందుకు మే,” అని గొణిగి, వనజమ్మ తలుపు తీసుకుని బయటికి పోయింది.

ఫరహత్ కిటికీ అద్దంలోంచి చూస్తూ ఉండిపోయింది. వనజమ్మ వంగి ఊడుస్తోంది. గాలి ఆమె ఊడ్చినదంతా ఎత్తి ఆమె ముఖానే కొడుతోంది. నాలుగు అడుగులు ఊడ్చి, మోకాళ్ల మీద చేతులానించి దగ్గుతోంది. మళ్లీ ఊడుస్తోంది. వెనక, ఊడ్చిన చోట ఇసుక నెమ్మదిగా పరుచుకుంటోంది.

రెండు నిమిషాలు చూసింది ఫరహత్. తర్వాత తన మీద తనకే రోత పుట్టి, రెండో చీపురు తీసుకుని తనూ బయటికి పోయింది.

చిన్న మేడం మళ్లీ ఫోన్ చూసుకుంటోంది.

*

వంటింట్లో వనజమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. కాళ్లు చాపుకుని, నోరు తెరుచుకుని, ఒక్కో ఊపిరినీ బావిలోంచి చేదినట్టు లాగుతోంది.

“మూడు దినాలాయె నువ్వు పండుకుని,” అంది ఫరహత్, గోరువెచ్చని నీళ్లు చేతికిస్తూ. “కుచ్చుండే నిద్దరపోతాండావు. ఆసుపత్రికి పోదామని మేడంను అడుగుదాం.”

“దుమ్ముకు ఎవురికైనా ఇంతే. మా కొండాపురం కాలనీలో గాలి తోలితే ఇంతకంటే అన్యాయం. చెట్టు లేదు, చేమ లేదు. ఊరు డ్యాము నీళ్లలో మునిగె, మమ్మల్ని తెచ్చి బోడి గుట్ట మింద ఏసిరి.” దగ్గు ఆగేదాకా ఆగింది. “ఆ గాలి చూసినదాన్ని, ఇదెంత.”

“మా అమ్మోళ్లది కలమల్ల పక్కనే. థర్మల్ స్టేషన్ బూడిద ఎగిరొచ్చి ఆరేసిన గుడ్డల మింద పడ్తాండె. అట్లని దాన్ని రాత్రింబగళ్లు పీల్చుకుంటా కుచ్చుంటిమా? తలుపేసుకుంటిమి. నీకు ఈడ ఏసుకునేకి కిటికీ గూడా లేదు గదా.”

అది నిజమే. వాళ్లిద్దరూ పడుకునేది మేడ మీద బట్టలు ఉతికే మిషన్ పక్క గదిలో. కిటికీ అద్దం పగిలి ఎన్నాళ్లయిందో, అట్ట ముక్క అంటించి ఉంది. గాలి తోలిన మొదటి రోజే ఆ అట్ట ఊడిపోయింది. ఆ రోజు వనజమ్మ, “నువ్వు లోపలి పక్క పండుకో, నాకు అలవాటే,” అంది. ఫరహత్ కాదనలేదు. పోయి లోపలి పక్క పడుకుంది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పుడు నోట్లో నీళ్లు ఊరుతున్నాయి, కక్కు వచ్చేముందు ఊరినట్టు.

వెనక తలుపు తెరుచుకుని డ్రైవర్ రాజశేఖర్ లోపలికొచ్చాడు. పులివెందుల దగ్గర లింగాల అతని ఊరు. ఒక పెనుగాలికి మూడెకరాల అరటితోట గెలలతో సహా నేలకూలితే ఈ దేశం వచ్చి డ్రైవరైనాడు. చేతిలో గుడ్డ కప్పిన బుట్ట ఉంది.

“ఏందన్నా అది?” అంది ఫరహత్.

“పిల్లి.” గుడ్డ తీశాడు. తెల్ల పిల్లి, నీలం కళ్లు. “పొద్దన రెండుసార్లు తుమ్మిందంట. జంతువుల డాక్టరు దగ్గరికి తీస్కపోయినా. మందు ఇచ్చినాడు. గాలి శుభ్రంజేసే మిషన్ పెట్టిన గదిలోనే ఉంచాలంట, బయటికి రానీయగూడదంట.”

వనజమ్మ నవ్వబోయింది, అది దగ్గుగా మారింది.

“ఎంతసేపు కూకున్యావన్నా ఆడ?”

“గంటన్నర. నా ముందర ఇంగా ఏడు పిల్లులు, వీళ్లు పెంచుకునే డేగ ఒగటి,” అన్నాడు రాజశేఖర్. చెప్పి సిగ్గుపడినవాడిలా బుట్ట తీసుకుని మెట్లెక్కాడు.

*

ప్రొద్దుటూరుకు ఫోన్ కలిసేసరికి అక్కడ సాయంత్రం ఐదు దాటింది. భర్త షోయబ్ ముఖం తెర మీదికొచ్చింది. పళ్లెంలో బొరుగుల ఉగ్గాని, పక్కన మిరపకాయ బజ్జీలు. నములుతూనే ఎత్తాడు.

“ఈడ గూడా గాలే ఫరహత్. పొద్దన్నించి కరెంటు లేదు. అమ్మకు ఉక్కపోసి ప్రాణం పోతాంది.”

“నేను చెప్పేది ఇను. ఈ ఇంట్లో నేనుండలేను. ఒగ మనిషి నా కండ్ల ముందర ఊపిరాడక సచ్చేటట్లుంది. వీళ్లకు పిల్లి ముఖ్యం. ఏజెంటుకు ఫోన్ చేసి చెప్పు, నన్ను పెద్ద మేడం ఇంటికి పంపీమని. తాళాలేసుకుని ఒక్కదాన్నే ఉంటా.”

“ఒగ నెల ఓర్చుకో. నెలేగదా అన్న్యారు, నేను సరే అంటి.”

ఫరహత్ ఫోన్‌ను ముఖానికి దగ్గరగా తెచ్చుకుంది.

“ఎవురు అన్న్యారు? నువ్వెవురికి సరే అంటివి?”

షోయబ్ నమలడం ఆపాడు. “ఏజెంటు అడిగినాడు లే. రంజాన్ అయినాక. పెద్ద మేడం వాళ్లు ఊరికి పోతాండారు, చెల్లెలింట్లో పెడ్తాం, నీకు అభ్యంతరమా అని. నాకేం అభ్యంతరం అంటి.”

“నీకేం అభ్యంతరం.”

“ఏందే, అట్ల అంటావు. ఆ ఇల్లైనా ఈ ఇల్లైనా పనే గదా.”

“నన్ను అడగాల్సింది నిన్ను అడిగిరి. నువ్వు గూడా నన్ను అడగలా. రెండు నెలల నించి తెలుసు నీకు. దినామూ ఫోన్ చేస్తాంటి. ఒక్క దినమన్నా చెప్పలా.”

“చెప్తే ఏడుస్తావని చెప్పలా.”

పళ్లెంలో ఇంకో బజ్జీ అందుకున్నాడు. ఆమె నూనె అంటిన ఆ వేళ్లనే చూసింది. పదహారేళ్లు ఆ చేతికి అన్నం పెట్టింది. కోపం రాలేదు. కోపమైతే బాగుండు అనిపించింది.

కూతురు సుమయ్యా ఫోన్ లాక్కుంది. “మా, నీ కండ్లేంటికి అట్ల ఎర్రగుండాయి?”

“దుమ్ము మ్మా.”

“కడుక్కో మా.”

“కడుక్కుంటా,” అని ఫోన్ పెట్టేసింది.

*

ఆ తర్వాత ఆమె చేసిన పని ఎవరినీ అడిగి చేసింది కాదు.

వనజమ్మ రెక్క పట్టుకుని లేపి, ఒక్కో మెట్టూ ఎక్కించి, మొదటి అంతస్తు చివర పిల్లి గదిలోకి తీసుకుపోయింది. తలుపు వేయగానే గాలి హోరు ఎక్కడో దూరమైపోయింది. మూలన మిషన్ సన్నగా మూలుగుతోంది. మెత్తటి తివాచీ. పిల్లి తన పరుపు మీద ముడుచుకుని పడుకుంది.

“వద్దు మే. మేడం చూస్తే సంపేస్తాది.”

“మేడం తలకు రంగేపిచ్చుకుంటాంది. గంట పడ్తాది. పండుకో.”

“వద్దంటాండా గదా.”

“పండుకో వనజక్కా.”

వనజమ్మ మిషన్ దగ్గరే పక్కకు ఒరిగింది. పది నిమిషాలకు ఈల కొంచెం తగ్గింది. ఇరవై నిమిషాలకు నిజంగా నిద్రపోయింది, మూడు రోజుల తర్వాత మొదటిసారి, పడుకుని. ఫరహత్ ఆమె తల పక్కన కూర్చుని చూస్తూ ఉంది. ఆమె జుట్టు నిండా దుమ్ము, చెవుల్లో దుమ్ము, కంటి కొలుకుల్లో బురద గట్టి ఉంది. పిల్లి ఒళ్లు మాత్రం దువ్వి తళతళలాడుతోంది.

తలుపు తెరుచుకుంది.

చిన్న మేడం తలకు ప్లాస్టిక్ సంచి చుట్టుకుని ఉంది. లోపలికి ఒక అడుగు వేసి ఆగి, ముక్కు మూసుకుంది.

“ఎవరు రమ్మన్నారు మిమ్మల్ని ఇక్కడికి?”

వనజమ్మ ఉలిక్కిపడి లేచింది. గోడ పట్టుకుని నిలబడింది.

“నేనే తీసుకొచ్చినా మేడం,” అని ఫరహత్ అనబోతుండగానే, వెనక నుంచి వనజమ్మ గొంతు వచ్చింది. నాలుగేళ్లలో నేర్చుకున్న అరబ్బీలో, తడబడకుండా.

“నేను రానన్నా మేడం. ఈమే లాక్కొచ్చింది. పిల్లి గదిలోకి పోగూడదని చెప్తే వినలేదు. నాకేం లేదు మేడం, నేను బాగున్నా.”

ఫరహత్ వెనక్కి తిరిగి చూసింది. వనజమ్మ ఆమె వైపు చూడలేదు.

“తివాచీ షాంపూ పెట్టి కడగండి,” అంది మేడం. “పిల్లికి ఏదైనా అంటుకుంటే?” పోతూ పోతూ ఆగింది. “ఫరహత్, రేపు నిన్ను ఏజెంటు ఆఫీసులో దించేయమని డ్రైవర్‌కు చెప్తాను. అక్కకు నేను చెప్పుకుంటాను.”

*

మేడ మీది గదిలో పగిలిన కిటికీలోంచి దుమ్ము పొగలా లోపలికి వస్తోంది. ఫరహత్ తన బట్టలు సంచిలో కుక్కుతోంది. వనజమ్మ గుమ్మంలో నిలబడింది.

“పదైదు దినాలు మే. పదైదు దినాలు నోరు మూసుకుంటే నేను ఇల్లు చేర్తా. నాలుగేండ్లకు టికెట్ తీసింది మేడం. నా కూతురు సుప్రియకు నెలలు నిండినాయి. జమ్మలమడుగులో చూపిస్తాండారు. తొలి కానుపు. నేను లేకుంటే ఎవురుండారు దానికి?”

ఫరహత్ ఇంకో జత బట్టలు సంచిలోకి కుక్కింది.

“టికెట్టు ఫోటో గూడా పంపించింది మేడం. సుప్రియ దాన్ని కాలనీ అంతా చూపించుకుంది. ఇప్పుడు మేడంకు కోపమొస్తే…”

“నీ నోరు మూసుకోవాల్సిందాయె. నా మింద తెరిసినావే.”

“నీకేమి, నీ మొగుడుండాడు, యాడన్నా పని సూస్తాడు.”

సంచి జిప్పు లాగుతున్న ఫరహత్ చేయి ఆగింది. “అవును. ఉండాడు,” అంది.

వనజమ్మ తన మంచం మీద కూర్చుని చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఫరహత్‌కు ఆమె మీద జాలి రాలేదు. ఆ ఈల వింటుంటే, ఎవరైనా అన్నం తింటూ చప్పుడు చేస్తుంటే పుట్టే అసహ్యం లాంటిది పుట్టింది. అది తప్పని తెలుసు. అయినా పుట్టింది.

*

ఆరింటికి చుట్టాలు వచ్చారు. ఇంట్లో మట్టి వాసన రాకుండా చిన్న మేడం నాలుగు మూలలా నిప్పుల మీద ఊదు వేయించింది. హాలంతా తెల్లటి పొగ. తలుపులన్నీ బిగించి ఉన్నాయి. ఆ పొగలోకి వనజమ్మ కాఫీ పళ్లెంతో వెళ్లింది.

వంటింట్లో ఉన్న ఫరహత్‌కు ముందు కప్పులు పగిలిన చప్పుడు వినిపించింది.

పరుగెత్తింది. వనజమ్మ మోకాళ్ల మీద పడి ఉంది. పెదవులు నీలంగా మారాయి. నోరు తెరుస్తోంది గానీ లోపలికి ఏమీ పోవడం లేదు. చుట్టాలు కాఫీ అంటకుండా తొడుక్కున్న నల్లటి అబాయాలు పైకి లాక్కుని పక్కకు జరిగారు.

“వంటింట్లోకి తీసుకుపో,” అంది మేడం. “నీళ్లు తాగించు.”

“ఆసుపత్రికి తీసుకుపోవాలి మేడం. ఆమె బతాకా ఇవ్వండి.” బతాకా అంటే గుర్తింపు కార్డు. అది లేకుండా ఆ దేశంలో ఆసుపత్రిలో పేరు కూడా రాసుకోరు.

“కార్డెందుకు? మందుల షాపు నుంచి స్ప్రే తెప్పిస్తాను.”

“ఇవ్వండి మేడం.”

చుట్టాల్లో అందరికంటే పెద్దామె లేచింది. “మనిషి చచ్చేటట్టుంది. ఇచ్చి పంపించు. మన ఇంట్లో ఏదైనా జరిగితే?” అంది చిరాగ్గా.

చిన్న మేడం లోపలికి పోయి చాలాసేపటికి వచ్చింది. కార్డు ఫరహత్‌కు ఇవ్వలేదు, రాజశేఖర్ చేతిలో పెట్టింది. “నీ దగ్గరే ఉంచుకో,” అంది.

*

రోడ్డు మీద పది గజాల ముందు ఏముందో తెలియడం లేదు. రాజశేఖర్ లైట్లు మినుకుమినుకుమనిపిస్తూ నడిపాడు. వెనక సీట్లో వనజమ్మ తల ఫరహత్ ఒళ్లో ఉంది.

ఆసుపత్రిలో దుమ్ముకు ఊపిరాడనివాళ్లతో వరండా నిండిపోయింది. అయినా నర్సు వనజమ్మను చూడగానే లోపలికి తోసుకుపోయింది. తెర కట్టి, ముఖానికి మాస్క్ పెట్టి, ఇంజక్షన్ వేశారు. అరగంటకు పెదవుల రంగు తిరిగింది.

పేరు రాయించడానికి పోయిన రాజశేఖర్ తిరిగొచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది. ఫరహత్‌ను తెర బయటికి పిలిచాడు.

“ఈ కార్డు గడువు పోయిన ఆగస్టుకే అయిపోయిందమ్మా.”

“అంటే?”

“ఈడ ఉండేదానికి కట్టాల్సిన అకామా మేడం కట్టనే లేదు. పది నెలల్నించి ఈమె ఈ దేశంలో దొంగతనంగా ఉన్నట్లు లెక్క. ఎయిర్‌పోర్టులో కాలు పెడ్తే పట్టుకుంటారు. ఇంగ టికెట్ ఏంది, విమానం ఏంది.”

“ఫోటో పంపించింది గదన్నా, టికెట్టుది.”

“ఫోటో ఎవురైనా పంపిస్తారు.”

ఫరహత్ గోడకు ఆనుకుంది. తలుపు తెరిచినప్పుడల్లా గాలి వరండాలోకి ఇసుక చల్లి పోతోంది.

“కంప్యూటర్లో చూసి పోలీసుకు చెప్పినారు. ఆసుపత్రిలోనే ఉంటాడు, వస్తాండాడు,” అన్నాడు రాజశేఖర్. గొంతు తగ్గించాడు. “నామాట ఇను. మేడం పేరు రానీయొద్దు. వస్తే రేపు నేను యాడికి పోవాల? నీ కార్డు గూడా పెద్ద మేడం పేరు మింద ఉంది, పని చేస్తాండేదేమో ఈ మేడం ఇంట్లో. ఈడ అదీ తప్పే. దారిలో పడిపోయుంటే తెచ్చినామని చెప్దాం.”

ఫరహత్ అతని వైపు చూసింది. మంచివాడే. దారిలో రెండు సిగ్నళ్లు ఆగకుండా దాటించుకొచ్చాడు. ఆ మంచివాడే ఇప్పుడు ఈ మాట అంటున్నాడు.

తెర లోపలి నుంచి వనజమ్మ చేయి ఊపింది. మాస్క్ పక్కకు లాగి, “ఏందంటాండాడు మే ఆయప్ప? మేడం ఫోన్ చేసిందా?” అంది.

చెప్పకుండా ఉండొచ్చు. కొంచెం కోలుకున్నాక చెప్పొచ్చు. ‘చెప్తే ఏడుస్తావని చెప్పలా’ అన్న షోయబ్ ముఖం గుర్తొచ్చింది ఫరహత్‌కు. మంచం అంచున కూర్చుని, ఆమె చేయి పట్టుకుని, కార్డు సంగతీ టికెట్ సంగతీ అంతా చెప్పేసింది.

వనజమ్మ ఏడవలేదు. మళ్లీ మాస్క్ లాగింది.

“పేరు చెప్పొద్దులే మే. మనం చెప్పకుంటే, మేడంకు జాలి కలిగి నిజంగానే తీస్తాదేమో టికెట్టు.”

ఫరహత్ మాస్క్‌ను మళ్లీ ఆమె ముక్కు మీదికి జరిపింది.

తెర తొలగించుకుని పోలీసు లోపలికి వచ్చాడు. పెద్దవాడు, విసిగిపోయి ఉన్నాడు. చేతిలో కాగితాల అట్ట. మంచం మీది మనిషినీ, పక్కన కూర్చున్న మనిషినీ మార్చి మార్చి చూశాడు.

“ఈమె ఎవరింట్లో పని చేస్తుంది?”

వనజమ్మ వేళ్లు ఫరహత్ మణికట్టు చుట్టూ బిగుసుకున్నాయి. రాజశేఖర్ నేల చూస్తున్నాడు. అతని జేబులో ఫోన్ మోగుతోంది.

ఫరహత్ లేచి నిలబడింది. చిన్న మేడం పేరు, ఆమె భర్త పేరు, బ్లాకు, వీధి, ఇంటి నంబరు, ఒక్కటీ వదలకుండా చెప్పింది. పిల్లి గది సంగతి కూడా చెప్పింది. అతను అడగకపోయినా చెప్పింది.

వనజమ్మ చేయి వదిలేసింది. గోడ వైపు తిరిగి పడుకుంది.

పోలీసు అంతా రాసుకున్నాడు. రాసిన కాగితం తిప్పి, కొత్త కాగితం పైకి తీశాడు.

“సరే. ఆ ఇంట్లో ఇదంతా చూశావంటే నువ్వూ అక్కడే ఉన్నావన్నమాట,” అని చేయి చాచాడు. “నీ కార్డేది?”